ప్రత్యక్షపు గుడారంలోని ఉపకరణాలు ఇశ్రాయేలీయులకు ఏమి చెప్పాయి?

మీరు అడిగినవి మూడు విషయాలు. మీ సంఘంలో ప్రత్యక్షపు గుడారంపై (మోషే కాలంలో ఇశ్రాయేలీయులు ఎడారిలో తమతో మోసుకుతిరిగిన దేవుని గుడారం) వరుసగా ధ్యానాలు జరుగుతున్నాయని, అందులో తుమ్మకర్ర అంటే మానవత్వమనీ, బంగారం అంటే దైవత్వమనీ, ఇత్తడి అంటే తీర్పు అనీ ఒక్కొక్క దానికీ ఒక్కొక్క అర్థం చెబుతున్నారని రాశారు. ఆ కాలపు ఇశ్రాయేలీయులు కూడా వాటిని అలాగే అర్థం చేసుకున్నారా అన్నది మొదటి ప్రశ్న. అటువంటి వివరణలను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది రెండవది. సండే స్కూలు పిల్లల కోసం మీరు తయారుచేయిస్తున్న నమూనాలో ఏయే వస్తువులను ఎక్కడ, ఎలా ఉంచాలన్నది మూడవది. పాత నిబంధన బోధించేవారికి ఇవి తరచుగా ఎదురయ్యే ప్రశ్నలే కనుక, కొంత వివరంగానే రాస్తాను.

నిర్గమకాండము 25వ అధ్యాయం మొదలుకొని 40 వరకు చదివినవారికి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. కొలతలు, లోహాలు, రంగులు, ఉంగరాలు, మోతకర్రలు, ఇవన్నీ ఎంతో శ్రద్ధగా చెప్పిన ఆ పాఠం, "దీనికి అర్థం ఇది" అని చెప్పిన సందర్భాలు చాలా కొద్ది. ఎక్కడ ఉంచాలి, దేనితో చేయాలి, ఎవరు తాకవచ్చు, ఎవరు తాకితే చనిపోతారు, ఏ రోజున ఏమి చేయాలి అన్నవే దానికి ముఖ్యం. కాబట్టి ఉపకరణాల అర్థాన్ని మనం వెతకవలసినది కూడా ఆ స్థానాల్లోనూ, ఆ దూరాల్లోనూ, ఆ పనుల్లోనూ. నా సమాధానమంతా ఈ మాట మీదే నిలిచి ఉంది.

ముందుగా స్థలాన్ని చూడండి. ఆవరణం పొడవు 100 మూరలు, వెడల్పు 50 మూరలు. ద్వారం తూర్పు వైపున. మూర అంటే ఇంచుమించు 45 సెంటీమీటర్లు. ఆవరణంలో ఎక్కువగా కనబడే లోహం ఇత్తడి. గుడారం లోపలికి వెళ్తే అంతా బంగారం. ఈ రెండింటి సంధిలో ఉన్న అయిదు స్తంభాలకు బంగారు రేకు పొదిగి, కింది దిమ్మలను మాత్రం ఇత్తడితో పోతపోశారు. అంటే గడప దగ్గర రెండు లోకాలూ కలుస్తాయి. బట్టల్లోనూ ఇదే క్రమం. గుడారంలో అన్నింటికన్నా లోపలి గది అయిన అతి పరిశుద్ధ స్థలపు అడ్డతెరలో నీల, ధూమ్ర, రక్తవర్ణపు నూలుతో కెరూబుల (రెక్కలు గల కావలి జీవుల) రూపాలను నేశారు. గుడారపు ద్వారానికీ, ఆవరణపు ద్వారానికీ అవే రంగులు ఉన్నా కెరూబులు లేవు. ప్రధాన యాజకుడు పైన ధరించే ఏఫోదు అనే వస్త్రంలో అవే రంగులతో పాటు బంగారు తీగె కూడా ఉంది. ఆ వస్త్రాన్ని చూసినవారికి, ఇతడు లోపలి గదికి చెందినవాడని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఏదెను తోటకు తూర్పున కెరూబులను కావలి ఉంచారన్న ఆదికాండపు కథను ఎరిగినవారికి, తూర్పు నుండి పడమటికి నడిచి కెరూబుల తెర ముందు ఆగవలసి రావడం ఏమి చెబుతుందో వేరే వివరించనవసరం లేదు.

ధ్యానాల్లో ఎక్కువగా విస్మరించే వెండిని కూడా ఇక్కడే ప్రస్తావించాలి. గుడారపు 48 పలకలకు రెండేసి చొప్పున 96 దిమ్మలు, అడ్డతెర స్తంభాలకు 4, వెరసి 100 వెండి దిమ్మలు. ఒక్కొక్కటి ఒక తలాంతు బరువు, అంటే సుమారు 34 కిలోలు. ఆ వెండి ఎక్కడిది? జనసంఖ్యలో లెక్కకు వచ్చిన 6,03,550 మంది పురుషులు తలకు అర షెకెలు (షెకెలు ఒక తూకం, తలాంతుకు 3,000) చొప్పున ఇచ్చినది. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు అన్నది నియమం. లెక్క వేస్తే 3,01,775 షెకెలులు అవుతుంది. అందులో 100 తలాంతులు దిమ్మలకు, మిగిలిన 1,775 షెకెలులు స్తంభాల వంకులకు (కొక్కేలకు), బోదెల (స్తంభాల పై భాగాల) పొదుగుకు, పెండె బద్దలకు (కట్టు పట్టీలకు) సరిపోయాయని నిర్గమకాండము 38వ అధ్యాయం చెబుతుంది. బంగారు గోడలు నిలబడినది ప్రతి మనిషీ సమానంగా ఇచ్చిన వెండి మీద. వెండికి అర్థం ఏమిటని మీ పిల్లలు అడిగితే, నేనైతే ఈ లెక్కనే బల్ల మీద రాసి చూపిస్తాను.

ఇక లోపలి సామాను. షూనేములో ఒక ఘనురాలు ఎలీషా ప్రవక్త కోసం మేడ మీద చిన్న గది కట్టించి, అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం ఉంచిందని రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది. ఆ కాలంలో ఒక గౌరవనీయుడు బస చేసే గదికి కావలసిన సామాను అదే. గుడారంలో చూస్తే, బల్ల ఉంది, దీపవృక్షం ఉంది, సింహాసనపు స్థానంలో కెరూబులతో కూడిన మందసం, అంటే ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, ఉంది. దీన్ని చూసిన ఇశ్రాయేలీయునికి మొదట తట్టే భావం, ఇది ఒకరు నివసించే ఇల్లు అన్నదే. "నేను వారిలో నివసించునట్లు" అని పాఠం చెప్పే కారణం కూడా అదే. అయితే మంచం లేదు. బబులోను ఆలయ శిఖరపు గదిలో దేవుని కోసం పెద్ద శయ్య, దాని పక్కన బంగారు బల్ల ఉండేవని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. యెహోవా మందిరంలో శయ్య ఉన్నట్టు ఎక్కడా లేదు. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అని 121వ కీర్తన పాడుతుంది. ఉన్న వస్తువులు ఎంత చెబుతాయో, లేని వస్తువు కూడా అంత చెబుతుంది.

మందసం గురించి కొంచెం ఆగి చూడాలి. పొడవు రెండున్నర మూరలు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర మూరలు. తుమ్మకర్ర పెట్టెకు లోపలా వెలుపలా మేలిమి బంగారపు రేకు. పైన కరుణాపీఠం అనే మూత, దాని రెండు కొనలనూ నకిషి పనిగా చేసిన ఇద్దరు కెరూబులు; వారి రెక్కలు పైకి విప్పి ఉంటాయి, ముఖాలు ఎదురెదురుగా కరుణాపీఠం వైపు వంగి ఉంటాయి. వీరు పాశ్చాత్య చిత్రకారులు గీసే రెక్కల పసిబాలురు కారు. లెబానోనులోని బిబ్లోసులో 1923లో దొరికిన అహీరాము రాజు శవపేటిక మీద, రాజు కూర్చున్న సింహాసనానికి పక్క భాగంగా రెక్కలు గల సింహపు ఆకారం చెక్కి ఉంది. అతని పాదాలు ఒక పాదపీఠం మీద ఉన్నాయి. కనాను ప్రాంతపు పురాతన నగరం మెగిద్దోలో దొరికిన దంతపు ఫలకం మీద కూడా ఇటువంటి ఆసనమే. "కెరూబుల మధ్య ఆసీనుడవైనవాడా" అన్న సంబోధన విన్న కనాను ప్రాంతపు మనిషి కళ్లకు ఈ సింహాసనమే కట్టి ఉంటుంది. దావీదు మందసాన్ని దేవుని పాదపీఠమని పిలిచినట్టు దినవృత్తాంతముల మొదటి గ్రంథం 28వ అధ్యాయంలో ఉంది. 99, 132 కీర్తనల్లోనూ ఆ భావమే వస్తుంది. సింహాసనం ఉంది, పాదపీఠం ఉంది, కూర్చున్న ఆకారం మాత్రం లేదు. మన దేవాలయాల్లో గర్భగుడి తలుపు తీస్తే మూర్తి దర్శనమిస్తుంది. ఇక్కడ తెర వెనుక, కెరూబుల మధ్య, దేవుడు మాట్లాడతానన్న చోటు ఖాళీగా ఉంటుంది. విగ్రహం చేయకూడదన్న ఆజ్ఞ రాసిన పలకలు ఆ పెట్టెలోనే ఉన్నాయి.

పలకలను పాదపీఠంలో ఎందుకు ఉంచారన్నదానికీ ఆ కాలపు రాజనీతిలో సమాధానం ఉంది. రెండు రాజ్యాల మధ్య ఒప్పందం కుదిరితే దాని ప్రతిని దేవత ముందు, ఆలయంలో ఉంచేవారు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిత్తీయ చక్రవర్తి సుప్పిలులియుమ, మితన్ని రాజు షత్తివాజల మధ్య జరిగిన ఒప్పందంలో ఒక ప్రతిని అరిన్నా సూర్యదేవత ముందు, మరొకదాన్ని మితన్నిలో తుఫాను దేవత తెషుబు ముందు ఉంచినట్టు స్పష్టంగా రాసి ఉంది. దాన్ని బట్టి చూస్తే, మందసం నిబంధన పత్రాన్ని రాజు పాదాల దగ్గర భద్రపరచిన పెట్టె. ఇశ్రాయేలు నిబంధనలో సాక్షిగా మరో దేవత లేడు; నిబంధన చేసినవాడే దాన్ని కాపాడుతున్నాడు.

మోతకర్రల సంగతి చిన్నదిగా కనబడుతుంది గాని, నాకు అత్యంత ఇష్టమైన వివరం అది. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ సమాధిలో మోతకర్రలు గల ఒక పెట్టె దొరికింది. మోసే పని లేనప్పుడు ఆ కర్రలను పెట్టె అడుగుకు నెట్టివేసే ఏర్పాటు ఉంది. మందసానికి మాత్రం కర్రలు ఉంగరాల్లోనే ఉండాలి, వాటిని ఎన్నడూ తీయకూడదన్నది ఆజ్ఞ. సొలొమోను దాన్ని రాతి మందిరంలో స్థిరంగా ఉంచిన తరువాత కూడా కర్రల కొనలు గర్భాలయం ఎదుట కనబడేవని రాజుల మొదటి గ్రంథం 8వ అధ్యాయం చెబుతుంది. ఈ దేవుణ్ణి ఒక ఊరికి, ఒక కట్టడానికి కట్టివేయలేరన్న మాటను ఆ కర్రలు మందిరం నడిబొడ్డున నిలబెట్టాయి. అలాగే సంఖ్యాకాండము 4వ అధ్యాయంలో ప్రయాణపు వేళ వస్తువులను కప్పే పద్ధతి చూడండి: మిగిలిన వాటికి సముద్రవత్సల (ఒక రకం సముద్రజంతువుల) తోలు పైకి వస్తుంది, మందసానికి మాత్రం తోలు మీద నీలవర్ణపు బట్ట పరుస్తారు. ఎడారిలో ఇంతమంది నడుస్తున్నప్పుడు, ఆ నీలం కనబడిన చోట మందసం ఉందని దూరం నుండే తెలిసేది.

ఈ అర్థాన్ని మరిచి మందసాన్ని తాయెత్తులా యుద్ధానికి మోసుకెళ్లినప్పుడు ఏమైందో సమూయేలు మొదటి గ్రంథం 4వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. ఇశ్రాయేలు ఓడిపోయింది, మందసం ఫిలిష్తీయుల చేతికి చిక్కింది. వస్తువులోనే శక్తి ఉందన్న భావాన్ని బైబిలే ఖండించిన ఘట్టం అది.

బల్ల విషయానికి వస్తే, ఒక ప్రఖ్యాత యూదు పండితుని మాట గుర్తుంచుకోవలసినది. 12వ శతాబ్దపు మైమోనిడిస్, ధర్మశాస్త్రంలోని ఆజ్ఞలకు కారణాలు వెతకడానికి ఎంతో శ్రమించినవాడు, ఆ బల్లకూ దాని మీది నిత్య రొట్టెలకూ కారణం తనకు తెలియదని బాహాటంగా రాశాడు. ధూపానికి మాత్రం, బలుల వధ జరిగే చోటి దుర్వాసన పోగొట్టడం కోసమని చాలా లౌకికమైన కారణమే చెప్పాడు. ఒక్కొక్క మేకుకూ ఒక్కొక్క మర్మం చెప్పేవారు ఆయన వినయాన్ని కొంత నేర్చుకోవచ్చు.

అయినా బల్ల గురించి పాఠం పూర్తిగా మౌనంగా లేదు. లేవీయకాండము 24వ అధ్యాయం ప్రకారం పన్నెండు రొట్టెలు, ఒక్కొక్కదానికి ఏఫా అనే కొలతలో పదింట రెండు వంతుల పిండి, అంటే నాలుగు లీటర్లకు పైనే. రెండు వరుసలుగా పేర్చి, వరుస మీద సాంబ్రాణి ఉంచుతారు. ప్రతి విశ్రాంతి దినాన కొత్తవి పెట్టి, పాతవాటిని యాజకులు పరిశుద్ధ స్థలంలో తింటారు. అగ్నికి చేరేది సాంబ్రాణి మాత్రమే. ఇరుగుపొరుగు దేశాల్లో దేవతా విగ్రహం ముందు రోజూ భోజనం వడ్డించేవారు. ఇక్కడ వారానికి ఒక్కసారి, అదీ మనుషులే తినే రొట్టె. "నేను ఆకలిగొనినను నీతో చెప్పను" అని 50వ కీర్తనలో దేవుడు అంటాడు. మరి రొట్టె ఎవరి కోసం? పన్నెండు అన్న సంఖ్య, "నిత్యనిబంధన" అన్న పాఠపు మాట, రెండూ కలిసి పన్నెండు గోత్రాలను సూచిస్తున్నాయని నా అభిప్రాయం. రాజు బల్ల దగ్గర ప్రజలకు ఎప్పుడూ స్థానం ఉంది. వారి పేరిట యాజకులు ఆ బల్ల నుండి భుజిస్తున్నారు.

దీపవృక్షాన్ని దీనితో కలిపి చదవాలి. బల్ల ఉత్తరపు వైపు, దీపవృక్షం దక్షిణపు వైపు, ఎదురెదురుగా ఉన్నాయి. ఏడు దీపాల వెలుగు ముందు వైపుకు పడేలా చూడాలని సంఖ్యాకాండము 8వ అధ్యాయం మొదటి ప్రధాన యాజకుడు అహరోనుకు ప్రత్యేకంగా చెబుతుంది. ఆ వైపున ఉన్నది పన్నెండు రొట్టెల బల్లే. దానికి రెండు అధ్యాయాల ముందే, "యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించును గాక" అన్న యాజకుల దీవెన ఉంది. సాయంకాలం నుండి ఉదయం వరకు ఆ వెలుగు పన్నెండు రొట్టెల మీద పడుతుంటే, ఆ దీవెన మాటలు లేకుండా రాత్రంతా కొనసాగినట్టే. ఈ రెండు భాగాలనూ కలిపి చదవమని పాఠం ప్రత్యేకంగా చెప్పలేదు. అది నా పఠనం.

దీపవృక్షపు రూపం చెట్టుది. మొగ్గలు, పువ్వులు, బాదం పువ్వు ఆకారపు కలశాలు, అన్నీ ఒకే తలాంతు బంగారాన్ని సుత్తెతో కొట్టి చేసినవి. దాని ఎత్తును మాత్రం పాఠం చెప్పలేదు. చిగిర్చి బాదం కాయలు కాసిన అహరోను కర్రను సాక్ష్యపు పెట్టె ఎదుట ఉంచారన్న కథతోనూ, ఏదెనులోని జీవవృక్షంతోనూ దీనికి సంబంధం చూడడం సహేతుకమే. తరువాతి కాలంలో, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు ఏడు దీపాలను ఏడు గ్రహాలుగా, పన్నెండు రొట్టెలను పన్నెండు మాసాలుగా వివరించాడు. రోమా పాఠకులకు అర్థమయ్యే భాషలో చెప్పిన వివరణ అది. ఆయన చూసిన మందిరం క్రీ.శ. 70లో కూలిపోయింది. దోచుకున్న దీపవృక్షాన్ని, బల్లను రోమా సైనికులు మోసుకుపోతున్న శిల్పం రోములోని తీతు విజయ తోరణం మీద నేటికీ ఉంది. 1949లో ఇశ్రాయేలు దేశం తన రాజముద్రకు ఆ రూపాన్నే తీసుకుంది.

మిగిలిన మూడింటి, అంటే ధూపవేదిక, బలిపీఠం, గంగాళం (కడుగుకునే నీటి తొట్టి) గురించి క్లుప్తంగా చెబుతాను. ధూపవేదిక నుండి లేచే పొగను 141వ కీర్తన ప్రార్థనతో పోలుస్తుంది. అయితే ప్రాయశ్చిత్తార్థ దినాన, అంటే ఏటా ప్రజల పాపాలకు ప్రాయశ్చిత్తం చేసే రోజున, ప్రధాన యాజకుడు లోపలికి తీసుకువెళ్లే ధూపానికి లేవీయకాండము 16వ అధ్యాయం ఇచ్చే కారణం వేరు: ఆ మేఘం కరుణాపీఠాన్ని కమ్మకపోతే అతడు చనిపోతాడు. దగ్గరకు చేర్చేదీ ధూపమే, చూపును కప్పేదీ ధూపమే. ధూపం వాడుకకు పురావస్తు సాక్ష్యం కూడా ఉంది. యూదాకు దక్షిణాన ఉన్న నెగెబు ఎడారిలోని ఆరాదు కోటలో తవ్విన యూదా ఆలయంలో దొరికిన రెండు రాతి వేదికల మీది మసిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. పెద్దదాని మీద సాంబ్రాణి, చిన్నదాని మీద గంజాయి ఆనవాళ్లు దొరికాయి. మోషే ధర్మశాస్త్రపు సూత్రానికీ, యూదా రాజ్యపు ఒక కోటలో నిజంగా జరిగిన పూజకూ మధ్య తేడా ఉండేదని ఇది గుర్తుచేస్తుంది.

బలిపీఠపు కొమ్ములకు రక్తం పూసేవారు. ప్రాణభయంతో వచ్చినవాడు, తమ్ముడు సొలొమోనుకు భయపడిన అదోనీయాలాగా, ఆ కొమ్ములనే పట్టుకునేవాడు. నెగెబులోని ప్రాచీన పట్టణం బెయేర్షెబాలో ఒక గోడలో తిరిగి వాడిన రాళ్లను ఏరి కూర్చితే నాలుగు కొమ్ముల బలిపీఠమే తేలింది. ఇక గంగాళానికి కొలతలు లేవు గాని, ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర సేవించిన స్త్రీల ఇత్తడి అద్దాలతో దాన్ని చేశారని పాఠం గుర్తుపెట్టుకుంది. ఆ స్త్రీల పేర్లు లేవు. యాజకుడు ఏ సేవకైనా ముందు చేతులూ కాళ్లూ కడుగుకున్నది వారు ఇచ్చినదానిలోనే.

ఇప్పుడు తుమ్మకర్ర, బంగారం సంగతి. సీనాయి, నెగెబు ప్రాంతంలో పెరిగే గట్టి కలప తుమ్మ. గుడారానికి దాన్నే వాడడానికి అంతకు మించిన కారణాన్ని పాఠం చెప్పలేదు. మానవత్వం, దైవత్వం అన్న వివరణ క్రైస్తవ సంఘంలో తరువాత పెరిగినది. దాన్ని ఆరాధనలో ధ్యానంగా చెప్పుకోవడాన్ని నేను తప్పుపట్టను. గుడారం పరలోక సంబంధమైన వాటికి ఛాయ అని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రికే చెబుతుంది. అయితే అదే పత్రిక 9వ అధ్యాయంలో మందసం, కెరూబుల పేర్లు చెప్పి, వీటిని గురించి ఇప్పుడు వివరంగా చెప్పడం వల్లపడదని ఆగి, యాజకుడు ఏటా ఒక్కసారి రక్తంతో లోపలికి వెళ్లడమన్న క్రియ మీదే తన వాదాన్ని కట్టింది.

సొలొమోను మందిరాన్ని పక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ గోడలకు దేవదారు, పది మూరల ఎత్తు కెరూబులకు ఒలీవ కర్ర. ఒక దీపవృక్షం స్థానంలో పది. పది గంగాళాలతో పాటు పన్నెండు ఎద్దుల మీద నిలిచిన పోత సముద్రం అనే పెద్ద నీటి తొట్టి. తుమ్మకర్రలోనే అర్థమంతా ఉంటే దేవదారు వచ్చినప్పుడు ఆ అర్థం ఏమైనట్టు? మారనివి గదుల క్రమం, దగ్గరకు వెళ్లే నియమం, చేసే పని. రెండవ మందిరంలోనైతే మందసమే లేదు. అయినా ప్రాయశ్చిత్తార్థ దినపు సేవ ఆగలేదు: నేల నుండి మూడు వేళ్ల ఎత్తున్న ఒక రాతి మీద ధూపార్తిని ఉంచి, ప్రధాన యాజకుడు రక్తాన్ని అక్కడే ప్రోక్షించేవాడని యూదుల ప్రాచీన ధర్మ సంకలనమైన మిష్నా చెబుతుంది.

నమూనా విషయంలో నా సూచనలు ఇవి. ద్వారాన్ని తూర్పుకు పెట్టండి. బల్లను ఉత్తరానికి, దీపవృక్షాన్ని దక్షిణానికి ఉంచి, దీపాలు బల్ల వైపు తిరిగేలా చూడండి. పలకల కింద వెండి దిమ్మలను మరవకండి. అడ్డతెర మీద కెరూబులను గీయించండి, బయటి రెండు తెరల మీద వద్దు. మందసపు మోతకర్రలను అతికించివేయండి, పిల్లలు బయటికి లాగడానికి వీలు లేకుండా. వస్తువుల పక్కన పెట్టే చీటీలపై "దీనికి అర్థం" అని రాసే బదులు, అక్కడ ఎవరు, ఎప్పుడు, ఏమి చేసేవారో ఒక్కొక్క వాక్యం రాయించండి. గంగాళం చీటీలో అద్దాలు ఇచ్చిన స్త్రీల మాట తప్పక ఉండాలి.